శివరాత్రికి చలి పోదు బిడ్డా

బిడ్డా శారదా,

నౌకరీ ఇడిసిపెట్టి వికారాబాద్ జిల్లా మర్పల్లి దిక్కు చెల్క, అదే మెట్ట చేను, కౌలుకు పట్టినవని, మేకలు పెంచుతున్నవని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సగం చెప్పింది, సగం ఏడ్చింది. మీ మేనత్తను నేను, నాకైతే ఏడుపు రాలె. మన ఇంట్ల నా తర్వాత మేకల ఎనుక తిరిగే ఆడపిల్ల ఇగ ఉండదనుకున్న. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలె. నువ్వు తెచ్చిన పన్నెండు మేకలు శివరాత్రికి అటో ఇటో ఈనుతయట గద! మొదటి ఈత ఎవలన్నా నిమ్మళంగ ఉన్న కాలంల చూసుకుంటరు. నువ్వు పోయి పోయి పొద్దంత ఎండ, రాత్రంత చలి, నడుమల ఎప్పుడంటే అప్పుడు రాళ్లవాన పడే దినాలు పట్టినవ్. ఫోన్ల చెప్తే ఊఁ ఊఁ అంటవు గని చెవుల పెట్టవు. అందుకే రాస్తున్న.

ముందు తిట్టేది తిడుత. సంతల ఇంకో ఇరవై చూడి మేకలు కొంటనన్నవట. నిండు చూడి మేకను ఆటోల కుక్కి ముప్పై మైళ్లు తెస్తే సగం దారిలనే ఈసుకపోతయి. ఇడిసిన పిల్లను చేతుల పెట్టుకొని ఎవర్ని అడుగుతవు? పైగ సంతల ఏ మందకు పారుడు రోగం ఉందో అమ్మెటోడు చెప్పడు. కొత్త మేకను తెచ్చినవా, రెండు మూడు వారాలు ఏరే కట్టెయ్యాలె. నీకున్నది ఒక్కటే కొట్టం. ఏడ కడతవు? ఈ పన్నెండు ఈని, పిల్లలు గడ్డి కొరికేదాక ఇంకో మేక పేరు ఎత్తకు.

పోతు ఏనాడు దాటిందో రాసిపెట్టుకున్నవా? అది దాటిన నాటి నుంచి 150 దినాలు లెక్కపెట్టుకో, నాలుగైదు దినాలు అటిటు. ఈనే నెల ముందు ఉన్నట్టుండి మేకలను చంపే చిటుక రోగానికి టీకా ఏయిస్తే ఆ బలం ముర్రుపాలల్ల పిల్లలకు దిగుతది. ఆఖరి నెలన్నర దాణా పెట్టు, జెర జెర పెంచు, ఒక్కసారే గంపెడు పొయ్యకు. ఉస్మానాబాదీ జాతి మేకలైతే జంట పిల్లలే ఎక్కువ, రెండు కడుపుల తిండి కావాలె. పిల్ల పడంగనే దాని బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పెట్టు. మాయ దానంతట అదే పడుతది, గుంజకు. గంటసేపు ముక్కుకుంట పిల్ల అవుపడకపోతే చెయ్యి పెట్టి కెలకకు, డాక్టర్‌కు ఫోన్ చెయ్. పశువుల అంబులెన్సు 1962 నంబరు కొట్టం తలుపు మీద సుద్దతోటి రాసిపెట్టు. ఇయ్యన్నీ నీకు తెల్సినయే, చదువుకున్నదానివి.

చదువుల దొరకనిది చెప్త. శివరాత్రికి చలి శివశివ అనుకుంట పోతదంటరు. ఆ మాట మనుషులకు. తల్లి కడుపుల నుంచి అప్పుడే పడ్డ తడి పిల్లకు ఉగాది దాటేదాక చలి పోదు. 2023 మార్చిల మర్పల్లి దిక్కు పడ్డ రాళ్లవాన ఫోన్ల చూసినవు గద, నేలంత తెల్లగ. అందరూ కాశ్మీరు కాశ్మీరు అని మురిసిండ్రు. నేను మాత్రం ఆ చేన్లల్ల ఏ మేక ఈనుతుండెనో అనుకున్న. నువ్వు చెల్క పట్టింది ఆడనే!

మీ నాయన నీతోటి ఎందుకు మాట్లాడుతలేడో నీకు తెల్వదు. కోపమనుకుంటున్నవు. కాదు. ఈ ముచ్చట మీ అమ్మకన్నా చెప్పిండో లేదో. నేను చెప్తున్న, నన్ను తిట్టుకుంటే తిట్టుకోని.

1985, మార్చి నెల. ఎలక్షన్లు అయి ఎన్టీ రామారావు మళ్ల గెలిచిన దినాలు. నేను తొలి కాన్పుకు వచ్చి పుట్టింట్లనే ఉన్న, మీ బావ పసిగుడ్డు. మీ నాయనకు పద్దెనిమిదేండ్లు. తాత మందను వాని మీద ఇడిసి తాండూరు పోయిండు. మాపటిదాక ఎండ చిటపట కాసింది. పొద్దుగూకే యాళ్లకు పడమర నల్లగ కమ్మింది, గాలి లేసింది, ఆ ఎనుకనే రాళ్లు. మూడు మేకలు చేన్లనే ఈనినయి. ఐదు పిల్లలు. వాటిని గొంగట్ల చుట్టుకొని ఉరికొచ్చిండు, ఆ గొంగడి కూడ నీళ్లు కారుతుంది. నెత్తి మీద రాళ్లు తగిలి బుడిపెలు లేసినయి, వానికి ఆ సోయి లేదు.

పిల్లలను అరుగు మీద పెట్టిండు. మెడలు వాలేసినయి, అరుపు లేదు. వాడేమనుకున్నడు? పాలు తాగలేదు గద, ఆకలికి సొమ్మసిల్లినయి అనుకున్నడు. ఆ చీకట్ల తల్లుల ముర్రుపాలు పిండి, వెచ్చజేసి, వెదురు గొట్టంతోటి ఒక్కొక్కదాని నోట్ల పోసిండు. "తాగు తల్లీ, తాగు" అనుకుంట పోసిండు. నేను గడపల కూసుండి చూస్తనే ఉన్న. పాలు గొంతు దిగుతున్నట్టే అనిపించింది. జెరసేపటికి ఒకదాని ముక్కుల నుంచి తెల్లటి నురుగు వచ్చింది. ఇంకోదాని కడుపు డప్పులెక్క ఉబ్బింది. వాడు ఇంకా పాలు వెచ్చజేస్తనే ఉన్నడు.

తెల్లారేసరికి నాలుగు పోయినయి. ఐదోది బతికింది. ఎందుకు బతికిందంటే దానికి పాలు సరిపోలె. మా అమ్మ దాన్ని తీసి, గోనెసంచితోటి ఒళ్లంత రుద్ది, మీ బావ కాళ్ల కాడ పండబెట్టింది. బాలింతకని అర్రల కుంపటి పెట్టి ఉంది గద. కోడి కూసే యాళ్లకు అది తల ఎత్తి అరిసింది. అప్పుడు పాలు పడితే చప్పరించుకుంట తాగింది.

తాత వచ్చి చూసిండు. పోయిన మేకపిల్లలల్ల పెద్దదాని నోట్ల ఏలు పెట్టి తీసిండు, ఏం అనలె. ఎవలూ ఏం అనలె. తిట్టి ఉంటే వానికి బాగుండు. ఆ ఎండకాలం దాటంగనే పట్నం పోయి కంపెనీల చేరిండు, మళ్ల మంద మొకం చూడలె. ఇప్పుడు నువ్వు శివరాత్రికి మేకలు ఈనిపిస్తనంటే ఆయనకు ఏం యాదికొస్తదో నువ్వే అనుకో.

అందుకని శారదా, ఈ ఒక్కటి ఇను. చల్లబడ్డ పిల్లకు పాలు పొయ్యొద్దు. నోట్ల ఏలు పెట్టి చూడు. లోపల వెచ్చగుండి, ఏలును చప్పరిస్తే పాలు పట్టు. లోపల సల్లగుండి, నాలుక కదలకపోతే దాని పేగులు పనిచేస్తలేవు, గుటక కూడ రాదు. పోసిన పాలు ఊపిరితిత్తులల్లకు పోతయి. థర్మామీటర్ కొనుక్కో. మంచిగున్న పిల్లకు 102 దాక ఉంటది, 99 కిందికి దిగితే పాలగిన్నె దూరం పెట్టు.

మొదలు తుడువు. గోనెసంచి, పాత చీర, ఏదుంటే అది. చెవులు, కాళ్ల సందులు, తోక కింద, అంతట పొడిగ చెయ్యాలె. ఆ ఎనుక బొగ్గు కుంపటి, లేకుంటే సీసాలల్ల వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి రెండు పక్కల పెట్టు. బాగ సల్లబడితే ప్లాస్టిక్ సంచిల మెడదాక పెట్టి, తల బయట ఉంచి, మోచెయ్యి ఓర్చుకునే వేడి నీళ్లల్ల పట్టుకో. సంచి ఎందుకంటే మళ్ల ఒళ్లు తడవొద్దు. పుట్టి ఐదారు గంటలు దాటి, తల కూడ ఎత్తలేని పిల్లయితే, కాచే ముందే డాక్టర్‌ను అడుగు, గ్లూకోజ్ ఎక్కియ్యాలె. ఒట్టిగ కాస్తే ఫిట్స్ వచ్చి పోతది. తల ఎత్తి చప్పరించినంక ముర్రుపాలు, రెండు కిలోల పిల్లకు ఒక్కోసారి టీ గిలాసెడు. మామూలుగుంటే మాత్రం పుట్టిన గంటల్నే తల్లి చన్ను నోట్ల పడాలె, ఆలస్యం చెయ్యకు.

ఎర్ర బల్బు పెట్టిన అంటవు. రాళ్లవానకు మొదలు పోయేది కరెంటే. బొగ్గులు, అగ్గిపెట్టె తడవని జాగల పెట్టు. కుంపటి పెట్టిన అర్ర తలుపు, కిటికీ పూర్తిగ మూయకు, ఆ పొగ మనుషులనే మింగుతది.

నీ కొట్టం మంచె మీద ప్లాస్టిక్ పలకలతోటి కట్టిచ్చినవట, ఫోటో చూసిన. పెద్ద మేకలకు మంచిగుంటది, డెక్కలు పొడిగుంటయి. గని పసిపిల్లలకు ఆ సందులల్ల నుంచి కింది గాలి కడుపుకు కొడుతది, కాళ్లు ఇరుక్కుంటయి. ఈనే మేకలకు ఒక మూల గోనెసంచులు పరిచి మీద ఎండుగడ్డి వెయ్, రోజు మార్చు. పరదాలు నాలుగు దిక్కుల కావాలె. గాలి ఒక దిక్కు కొట్టుకుంట కొట్టుకుంట తిరుగుతది. పైన మూరెడు సందు ఇడువు, లేకుంటే ఉచ్చ వాసనకు పిల్లలకు దగ్గు పట్టుకుంటది. రాత్రి పిల్లల మీద గంప కప్పితే పొద్దెక్కంగనే తియ్. ఫాల్గుణంల పది గంటలకే ఎండ మండుతది, గంప కింద ఉడికిపోతయి. ఇది మర్సిపోయేటోళ్లను మస్తుమందిని చూసిన.

వాన పడి పోయిన మూడు నాలుగు దినాలకు ఇంకో గండం. చెల్క చుట్టుపక్కల యాసంగి జొన్న వేసినరు గద. కోసిన మోళ్లకు వాన తగిలితే లేత పిలకలు లేస్తయి, పచ్చగ చూడ సక్కగుంటయి. అది నాము, మేకలకు విషం. మేక నాలుగు నోర్లు తిన్నదంటే కడుపుబ్బి, వణికి, గసపెట్టి పడిపోతది, నిమిషాల మీద పని. దానికి విరుగుడు హైపో ఇంజక్షన్ ఉంటది గని డాక్టర్ వచ్చేదాక మేక ఆగాలె గద. పక్క చేను మోళ్లల్లకు పోనియ్యకు. మొలకగడ్డిల కూడ ఆకలి మీద ఇడువకు, ఎండు కంది పొట్టు పెట్టి తోలు.

ఉరుము వినపడితే చింతచెట్టు కిందికి, వేపచెట్టు కిందికి మందను తోలకు. నువ్వు అసలే పోకు. గుట్ట కింద ఎక్కడన్నా పల్లం చూసుకొని కూసో, తడిస్తే తడువు. మేకలు పోతే పోయినయి. ఈ మాట మీద నాకు ఒట్టెయ్యాలె. నువ్వు ఒక్కదానివే ఆ చెల్కల ఉంటవంటే నా పానం ఆడ్నే ఉంది. కుక్కలకు ముళ్లకంప చాలు, దాని రంది లేదు.

తమ్మునికి నేను ఫోన్ చేస్త. ఏం మాట్లాడాల్నో నాకు తెల్వదు, చేస్త.

మాఘ అమాస ముందే నీ దగ్గరికి వస్త, ఉగాది దాక ఉంట. పని చెప్పు, కూసుండబెట్టకు. గొంగడి కొనకు, ఇప్పుడు సంతల అమ్మేటియి చానా వరకు కల్తీ ఉన్నియే, తడిస్తే ఎందుకూ పనికిరావు. తాతది అసలు ఉన్నిది నా పెట్టెల ఉంది, ఎండకు ఏసి తెస్త. తాండూరు బస్సు దిగినంక మీ చెల్కకు ఆటోలు ఎన్ని గంటలదాక ఉంటయో కనుక్కొని ఫోన్ చెయ్.

మీ అత్త