కాసినో డీలర్ కోర్సుకు లక్షా అరవై వేలు కట్టమంటారా?

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర పల్లె. మా బాబుకు 20 ఏళ్లు, మహబూబ్‌నగర్‌లో బీకాం రెండో సంవత్సరం. డిగ్రీ మానేసి హైదరాబాద్‌లో కాసినో డీలర్ కోర్సులో చేరతానంటున్నాడు. మూడు నెలల కోర్సు, ఫీజు లక్షా అరవై వేలు. అయిపోగానే చైనాలోని మకావులోనో క్రూయిజ్ షిప్‌లోనో ఉద్యోగం గ్యారంటీ అన్నారట. ఈ శనివారంలోగా సగం కట్టాలట. మా మరిది పేకాటలో రెండెకరాలు పోగొట్టాడు, ఆ బాధ ఇంకా తీరలేదు. ఇప్పుడు ఇంట్లో ‘శకుని కొలువు’ ఏంటని మా అత్తమ్మ అన్నం మానేసి కూర్చుంది. బాబు కూడా నిరుడు ఫోన్లో రమ్మీ ఆడి పన్నెండు వేలు పోగొట్టాడు. ఇప్పుడు ఆడటం లేదంటాడు. మీరేమంటారు?
– ఒక తల్లి, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ అత్తమ్మగారి మాటకే జవాబు చెప్తాను. శకుని పాచికలు శకుని చేతిలోవి, ఏది కావాలంటే అది పడేది. డీలర్‌కు ఆ వీలు లేదు, ఆ అవసరమూ లేదు. రూలెట్ అనే ఆటలో అంకెల చక్రం తిప్పి బంతి వేస్తారు, బంతి ఆగిన అంకె గెలుస్తుంది. ఒకే సున్నా ఉన్న చక్రంలో దానితో కలిపి 37 గళ్లు ఉంటాయి. ఒక అంకె మీద రూపాయి కాసి గెలిస్తే, కాసిన రూపాయి కాక, లెక్క ప్రకారం 36 రూపాయలు రావాలి, కానీ 35 ఇస్తారు. కాసినో బతికేది ఆ ఒక్క రూపాయి తేడా మీదే. కాసిన ప్రతి వందలో సగటున రెండు రూపాయల డెబ్బై పైసలు దానికి మిగులుతాయి. మోసం చేయాల్సిన పని లేదు. చక్రం తిప్పడం, లెక్క కట్టడం, గెలిచినవాళ్లకు పైసా తేడా లేకుండా ఇవ్వడం, ఇదీ డీలర్ పని. పెద్దావిడకు ఈ మాట నెమ్మదిగా చెప్పి, ముందు అన్నం తినిపించండి.

గోవాలో, సిక్కింలో ఇది చట్టం ఒప్పుకున్న ఉద్యోగమే. పనాజీలో మాండవి నదిలో నిలిపిన పడవల మీద టేబుల్ ఆటలు నడుస్తాయి. గ్యాంగ్‌టక్‌లో 2002 నాటి చట్టం కింద నడుస్తున్నాయి. మన తెలంగాణలో మాత్రం కాసినో లేదు. 1974 గేమింగ్ చట్టాన్ని 2017లో ఇంకా బిగించి ఆన్‌లైన్ రమ్మీని కూడా ఆపేశారు. అంటే ఈ పని నేర్చుకున్న పిల్లవాడు ఊరు వదిలి వెళ్లాల్సిందే. వలసంటే ఏమిటో పాలమూరు తల్లికి నేను చెప్పేదేముంది.

పని ఎలా ఉంటుందో నేను కళ్లారా చూసింది కొంచెమే, అయినా చెప్తాను. గోవా పడవ మీద డీలర్‌గా చేసే మిర్యాలగూడ వైపు అబ్బాయి ఒకడు సెలవుకు వచ్చినప్పుడు నల్లగొండలో నా దగ్గరికి వచ్చాడు. ఏం చేస్తావో చూపించమన్నాను. నా బల్ల మీదున్న రూపాయి బిళ్లలు ఇరవై తీసి ఒకటే దొంతరగా అరచేతిలో పట్టుకున్నాడు. చూపు నా మొహం మీద, మాట నాతో. వేళ్లు మాత్రం ఐదు, ఐదు, ఐదు, ఐదుగా నాలుగు కుప్పలు పెట్టేశాయి. ఒక్కటి కూడా లెక్కపెట్టలేదు, ఐదు బిళ్లల మందం వేలికి తెలిసిపోతుంది. తర్వాత ఒక లెక్క అడిగాడు. రూలెట్ బల్ల మీద అంకెల గళ్లు గీసి ఉంటాయి, డబ్బుకు బదులు చిప్స్ అనే బిళ్లలు పెడతారు. పదిహేడు గడి మీద ఒక చిప్, ఆ గడి నాలుగు గీతల మీద నాలుగు, నాలుగు మూలల మీద నాలుగు, మొత్తం తొమ్మిది చిప్స్ ఉన్నాయి. పదిహేడే పడింది. ఎంత ఇవ్వాలి? నేను కాగితం తీశాను. అంకెకు 35, గీతకు 17 చొప్పున 68, మూలకు 8 చొప్పున 32. నేను కూడేలోపే అతను 135 అన్నాడు. బల్ల దగ్గర అలాంటి కుప్పలు ఒకేసారి పది ఉంటాయట, చుట్టూ తాగినవాళ్లు, ఓడిపోయి కోపం మీద ఉన్నవాళ్లు. లేచి వెళ్లేముందు రెండు చేతులూ చాపి, తిప్పి, ఖాళీగా ఉన్నాయని పైన కెమెరాకు చూపించాడు. నా ఆఫీసులో కెమెరా లేదు, అలవాటు కొద్దీ చేశాడు.

ఆ పిల్లవాడి చేతులు చూశాక ఇది చేతివిద్య అని నాకు నమ్మకం కుదిరింది. దీన్ని నేను చిన్నచూపు చూడను. కానీ రాత్రంతా నిలబడే పని, తెల్లవారాక నిద్ర. పండగలకు రద్దీ ఎక్కువ కాబట్టి దసరాకు సెలవు దొరకదు. టిప్స్ చాలా చోట్ల ఒకరి జేబులోకి వెళ్లవు, అందరివీ కలిపి పంచుతారు. పైకి ఎదిగితే డీలర్ల మీద కన్నేసే ఇన్‌స్పెక్టర్, ఆ తర్వాత కొన్ని బల్లలకు కలిపి పెద్దగా ఉండే పిట్ బాస్.

ఉద్యోగం ఎంత గట్టిదో కూడా చూడాలి. 2020 మార్చిలో కరోనాకు మూసిన గోవా కాసినోలు మళ్లీ తెరిచింది నవంబర్ 1న. వీటి మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం చేశారు. పన్ను పెరిగితే ఆట తగ్గుతుంది, ఆట తగ్గితే ముందు ఆగేది కొత్త ఉద్యోగాలే.

ఇక మీకు చెప్పిన గ్యారంటీ సంగతి. ఇక్కడ నాకు నిజంగా కోపం వస్తోంది. మకావులో డీలర్ ఉద్యోగం అక్కడి స్థానికులకే ఇస్తారు, బయటి దేశస్తులను ఆ పనిలో పెట్టుకోనివ్వరు. మన పిల్లవాడు ఎంత బాగా నేర్చుకున్నా ఆ తలుపు తెరుచుకోదు. మకావు పేరు చెప్పి ఫీజు అడిగారంటే వాళ్లకు ఈ విషయం తెలియకపోయి ఉండాలి, లేదా తెలిసీ దాచి ఉండాలి. రెండింటిలో ఏదైనా మీరు డబ్బు కట్టకూడదు. క్రూయిజ్ షిప్ నిజమైన దారే, కానీ అక్కడ సాధారణంగా 21 ఏళ్లు నిండాలంటారు, కొంత అనుభవం అడుగుతారు, కళ్లెదుట టేబుల్ టెస్ట్ పెడతారు. మెడికల్, సముద్ర భద్రత శిక్షణ, ఓడ పనికి కావాల్సిన కాగితాలు వేరు. మూడు నెలల కోర్సు కాగితం చూసి ఓడ ఎక్కించుకోరు.

ఇంకో మాట, ఇది బాబుకు చదివి వినిపించండి. కాసినోలో పని, టూరిస్ట్ వీసా మీద వెళ్లు, అక్కడ మార్చుకుందాం అని ఎవరైనా అంటే ఆ ఫోన్ అక్కడే పెట్టేయాలి. కాంబోడియా, మయన్మార్‌లకు ఇలాగే వెళ్లిన మన తెలంగాణ పిల్లలను పాస్‌పోర్ట్ గుంజుకుని సైబర్ మోసాలు చేయించిన కేసులు చూశాం. విదేశీ ఉద్యోగమంటే ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. అనుమానం ఉంటే హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, అక్కడ అడగండి.

డబ్బు కంటే నన్ను ఎక్కువ ఆపింది మీ ఉత్తరంలో చివర రాసిన పన్నెండు వేలు. డీలర్ ఎదుట రాత్రంతా లక్షలు కదులుతాయి, అతను ఒక్క చిప్ కూడా కాయకూడదు. ఆట మీద ఆశ ఉన్న మనసుకు ఆ బల్ల మంచి చోటు కాదు. బాబును కూర్చోబెట్టి, తిట్టకుండా, ఒక్కటే అడగండి. పోయిన డబ్బు తిరిగి రాబట్టాలని అప్పుడు అనిపించిందా, ఇప్పుడూ అనిపిస్తుందా? అవునంటే ఈ కొలువు వద్దు, నా మాట విని ఆపండి. ముందు 14416కు ఫోన్ చేయించండి, ప్రభుత్వ టెలి మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీ మరిదికి ఆ రోజుల్లో ఇలా ఎవరైనా దొరికి ఉంటే ఆ రెండెకరాలు మిగిలేవేమో.

లేదని నిజాయితీగా చెప్తే దారి ఉంది, కానీ హైదరాబాద్ కోర్సు గుండా కాదు. డిగ్రీ పూర్తి చేయనివ్వండి, ఎంతో దూరం లేదు. బీకాం ఉంటే కాసినోలోనే క్యాష్ కౌంటర్ ఉద్యోగానికీ, ఏ హోటల్ అకౌంట్స్‌కైనా అడగొచ్చు. కొత్తవాళ్లను తీసుకుని తామే నేర్పించే కాసినోలు ఉన్నాయి, అక్కడ మనం ఫీజు కట్టి నేర్చుకునే పని లేదు. ఈలోగా రోజూ అరగంట బాబుతో 17, 35 ఎక్కాలు ఇరవై దాకా నోటికి చెప్పించండి. వెనక నుంచి ముందుకు కూడా అడగండి. నెలకు విసుగు పుడితే ఆ పని అతనిది కాదని ఒక్క రూపాయి ఖర్చు లేకుండా తెలిసిపోతుంది. మనుషులతో మెలగడం ఇష్టమైతే హోటల్ మేనేజ్‌మెంట్ ఉంది. డిగ్రీ కాగానే హైదరాబాద్‌లో విద్యానగర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్‌కు వెళ్లి ఏ కోర్సులున్నాయో కనుక్కోండి.

సికింద్రాబాద్ నుంచి వాస్కో వెళ్లే రైలు మన మహబూబ్‌నగర్ మీదుగానే పోతుంది. చదువు అయ్యాక, 21 నిండాక, బాబును తండ్రితో కలిసి ఒకసారి పనాజీ వెళ్లి రమ్మనండి. తెల్లవారుజామున జెట్టీ దగ్గర నిలబడితే డ్యూటీ దిగి వచ్చే పిల్లలు కనిపిస్తారు. వాళ్లను అడగమనండి, జీతం ఎంత, ఎక్కడ నేర్చుకున్నారు, ఇల్లు ఎప్పుడు చూశారు అని.

శనివారం గడువు దాటిపోనివ్వండి. మళ్లీ ఫోన్ చేసి సీటు ఉంచామంటే, మకావులో ఉద్యోగం ఇప్పించిన తెలుగు పిల్లవాడి నంబర్ ఒక్కటి ఇవ్వమనండి. ఏం జవాబిచ్చారో నాకు రాయండి.