మీ శిష్యులకు తర్వాత ఏమైంది అని అడగండి

అమెరికాలో తుపాకీతో ఆత్మరక్షణ నేర్పే ఇన్‌స్ట్రక్టర్లలో, ఆ విషయం మీద పుస్తకాలు రాసేవాళ్ళలో ఎవర్ని నమ్మొచ్చో ఎలా తెలుస్తుంది అని అడిగారు. నాకు డాలస్ దగ్గర గ్యాస్ స్టేషన్ ఉంది. పదకొండేళ్ళుగా రాత్రిపూట కౌంటర్ దగ్గర నిలబడుతున్నాను. ఈ విషయంలో నేనొకసారి తప్పు మనిషిని నమ్మాను కాబట్టి రాస్తున్నాను.

2017లో మొదటి క్లాసుకి వెళ్ళాను. ఊరికి గంట దూరంలో, గడ్డి పొలాల మధ్య షూటింగ్ రేంజ్. మేం పదకొండు మందిమి. ఇన్‌స్ట్రక్టర్‌కి నలభై ఏళ్ళుంటాయి. గడ్డం, నల్ల కళ్ళద్దాలు, నడుముకి రెండు పిస్టల్స్. యుద్ధాల్లో పనిచేశానన్నాడు. ఎక్కడ అని అడిగితే చెప్పకూడదన్నాడు. పొద్దున రెండు గంటలూ ఆ కథలే. వింటుంటే నాకూ ఒళ్ళు గగుర్పొడిచింది, కాదనను.

భోజనానికి ముందు కత్తి సంగతి ఎత్తాడు. కత్తి పట్టుకున్నవాడు 21 అడుగుల లోపలికి వస్తే చట్టం మీ పక్షమే, ఆలోచించకుండా కాల్చండి, దీన్ని ట్యూలర్ రూల్ అంటారు అన్నాడు. నేను చెయ్యెత్తి అడిగాను. “సార్, మా కౌంటర్‌కీ తలుపుకీ మధ్య పదహారు అడుగులే. లోపలికొచ్చే ప్రతివాడూ 21 అడుగుల లోపలే ఉంటాడు. మరి నేనేం చెయ్యాలి?” “అయితే నువ్వింకా ఫాస్ట్‌గా ఉండాలి” అన్నాడు. అందరూ నవ్వారు.

మధ్యాహ్నం గురి పెట్టడం చూపిస్తూ, పిస్టల్ చేతిలో ఉండగానే మావైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టాడు. గొట్టం మా కడుపుల మీదుగా ఈ చివర్నుంచి ఆ చివరకి తిరిగింది. నా పక్కన ఒక నర్సు ఉంది, యాభై ఏళ్ళావిడ. “మీ గన్ మావైపు చూస్తోంది” అంది. “ఖాళీదే” అన్నాడు, గన్ దించకుండానే. ఆవిడ ఇంకో మాట మాట్లాడలేదు. బ్యాగు సర్దుకుని, కారెక్కి వెళ్ళిపోయింది. నేను ఉండిపోయాను. 300 డాలర్లు కట్టేశాను, పైగా పదిమంది ముందు లేచి వెళ్ళడానికి మొహమాటం. ఇద్దరు పిల్లల తండ్రిని, అలాంటి చేతి ముందు ఇంకో మూడు గంటలు నిలబడ్డాను. గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు కోపం వస్తుంది.

ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే చూడాలి, కాల్చదలుచుకోనిదాని మీదకి గొట్టం పోనివ్వకూడదు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు, దేన్ని కాలుస్తున్నామో దాని వెనకేముందో తెలిసుండాలి. ఈ నాలుగు నియమాలకీ అంత ప్రచారం తెచ్చింది జెఫ్ కూపర్, పాత మెరైన్ ఆఫీసర్, 1976లో అరిజోనాలో స్కూలు పెట్టినాయన. ఎవరి చరిత్ర ఎంత గొప్పదైనా, ఈ నాలుగింట్లో ఒకటి మన కళ్ళముందు తప్పి, దాన్ని సమర్థించుకున్నవాడి దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండొద్దు. డబ్బు పోతే పోనీయండి.

ఇక ఆ 21 అడుగుల మాట. ఇంటికొచ్చి వెతికితే నాకు మతిపోయింది. డెన్నిస్ ట్యూలర్ సాల్ట్ లేక్ సిటీ పోలీసు. 1983లో ఒక పత్రికలో రాసిన వ్యాసం అది. మామూలు మనిషి ఏడు గజాలు, అంటే 21 అడుగులు, పరిగెత్తి మీద పడటానికి సుమారు ఒకటిన్నర సెకన్లు పడుతుంది, పిస్టల్ తీసి కాల్చడానికీ దాదాపు అంతే పడుతుంది, కాబట్టి ప్రమాదాన్ని ముందే గమనించు, పక్కకి జరుగు, ఏదైనా అడ్డం పెట్టుకో అని చెప్పాడు. కాల్చడానికి చట్టం ఇచ్చిన అనుమతి అని ఎక్కడా అనలేదు. మూలం చదవకుండా దాన్ని రూల్ అని నేర్పేవాడు నన్ను నేరుగా జైలుకి పంపిస్తాడు. అప్పట్నుంచి ఎవరు ఏ పేరు చెప్పినా, అసలు ఆ మనిషి ఏం రాశాడో నేనే చూసుకుంటున్నాను.

నా గట్టి అభిప్రాయం ఒకటుంది. మిలిటరీలో చేశాడా, పోలీసులో చేశాడా అన్నది షాపువాడికి పెద్ద లెక్కలోది కాదు. సైనికుడు శత్రువు ఉన్నచోటికి వెళ్ళాలి. నేను షట్టరేసుకుని ఇంటికి వెళ్ళాలి. మా ఇద్దరి పనీ ఒకటి కాదు. అందుకే నేను అడిగే ప్రశ్న ఒక్కటే: మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళకి తర్వాత ఏమైంది? మెంఫిస్‌లో చాలా ఏళ్ళు స్కూలు నడిపిన టామ్ గివెన్స్ దీనికి జవాబు చెప్పగలడు. ఆయన శిష్యుల్లో అరవైమందికి పైగా నిజంగా కాల్పుల్లో చిక్కుకున్నారు. ఎంత దూరంలో, ఎన్ని తూటాలు, ఏం జరిగింది అన్నది పోగుచేసి పాఠంలో పెట్టాడు. ఎక్కువ ఘటనలు ఒక కారు పొడవంత దూరంలోనే జరిగాయి. ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళనీ దాచలేదు, ఆ రోజు వాళ్ళ దగ్గర తుపాకీ లేదు అని చెప్తాడు. అలాగే మసాద్ అయూబ్. ఆత్మరక్షణ చట్టం మీద 1980లోనే పుస్తకం రాశాడు, కోర్టుల్లో నిపుణుడిగా సాక్ష్యం చెప్పాడు. ఆయన మాటని ఎదుటి లాయర్ చీల్చి చూసుంటాడు. యూట్యూబ్‌లో హోల్‌స్టర్ (తుపాకీ ఒర) అమ్ముకుంటూ డిస్కౌంట్ కోడ్ చెప్పేవాడి మాటని ఎవరు చీల్చారు?

అంకెలు కనపడగానే నమ్మకండి. 1992లో మార్షల్, సానో అనే ఇద్దరు ఏ తూటా ఒక్క దెబ్బకి మనిషిని ఆపుతుందో శాతాలతో పుస్తకం వేశారు. ఒకటి కంటే ఎక్కువ తూటాలు తగిలిన ఘటనల్ని లెక్కలోంచి తీసేశారు. ఒకటి చాలక రెండోది కాల్చాల్సి వచ్చిన కేసులే పోతే ఇక ఆ శాతానికి అర్థమేముంది? గుడి పార్కింగ్‌లో మనవాళ్ళు ఇప్పటికీ ఫలానా తూటా అయితే ఒక్కటి చాలు అంటూ ఉంటారు.

టెక్సస్‌లో తుపాకీ వెంట పెట్టుకు తిరగడానికిచ్చే లైసెన్స్ పరీక్షలో కాల్చేది 50 తూటాలు, 250 మార్కులకి 175 వస్తే పాస్. కదలని కాగితం మీద. 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్ళు దాటి, చట్టం నిషేధించనివాళ్ళకి ఆ లైసెన్స్ కూడా అక్కర్లేదు. దాంతో వాట్సాప్ గ్రూపులే బడులయ్యాయి.

మనవాళ్ళ కోసం ఇంకో పరీక్ష చెప్తాను. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం, ఇప్పుడు 15 ఏళ్ళ దాకా జైలు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. రేంజ్‌లో ఫోటోలు దిగి ఫేస్‌బుక్‌లో పెట్టే తమ్ముళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది. మా బావమరిది హెచ్1బీలో ఉన్నప్పుడు, తననీ తీసుకురమ్మంటారా అని ఆ మొదటి ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగాను. “తీసుకురా, నలభై డాలర్లు తగ్గిస్తా” అన్నాడు.

2019లో దొరికిన రెండో ఇన్‌స్ట్రక్టర్ మాత్రం ఆ ప్రశ్నకి చేతిలో పెన్ను కింద పెట్టేశాడు. ముందు లాయర్‌ని కలవమను, అప్పటిదాకా నా రేంజ్‌లోకి రావద్దను అన్నాడు. రిటైరైన డిటెక్టివ్, అరవై దాటినవాడు. మొదటి గంట తుపాకీ ముట్టుకోనివ్వలేదు, మా షాపు బొమ్మ కాగితం మీద గీయమన్నాడు. నా ప్రశ్న అడిగితే నలుగురి సంగతి చెప్పాడు. ముగ్గురు గన్ తీయకుండానే బయటపడ్డారు. నాలుగోవాడు కాల్చాడు. పోలీసులొచ్చేసరికి అతని చేతిలో ఇంకా గన్ ఉంది, వాళ్ళు అతన్నే కాల్చబోయారు. “అది నేను వాడికి నేర్పలేదు. ఇప్పుడు అందరికీ మొదటిరోజే నేర్పుతున్నాను” అన్నాడు.

మరుసటి ఏడాది చలికాలంలో, రాత్రి పదకొండు దాటాక ఒక కుర్రాడు కత్తితో లోపలికొచ్చాడు. ఆరడుగుల దూరం. నేను డ్రాయర్ తెరిచి వెనక్కి జరిగాను. 140 డాలర్లు తీసుకుని పరిగెత్తాడు. నడుముకున్న గన్ నడుముకే ఉంది. పొద్దున్నే ఆయనకి ఫోన్ చేస్తే, బాగా చేశావనీ అనలేదు, తప్పు చేశావనీ అనలేదు. “నీకూ వెనక తలుపుకీ మధ్య ఏమైనా అడ్డం ఉందా?” అని అడిగాడు. సిగరెట్ల ర్యాక్ ఉందన్నాను. సాయంత్రం తనే వచ్చి, నాతోపాటు ఒక చెయ్యేసి ఆ ర్యాక్ జరిపించి వెళ్ళాడు.