సెల్ఫ్ గోల్ వేసినందుకే ఆండ్రెస్ ఎస్కోబార్‌ను చంపారా?

1994 ప్రపంచ కప్‌లో పడిన ఒక్క సెల్ఫ్ గోల్ కోసం కొలంబియా ఆటగాడు ఎస్కోబార్‌ను కాల్చి చంపడం నిజంగా జరిగిందా, లేక కట్టుకథా అని మీరు అడిగారు. హత్య నిజమే. దాని కారణాన్ని మాత్రం అంత పొట్టిగా చెప్పడం నాకు సరిగా తోచదు.

నేను రాయగడలో బడి పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే డ్రిల్లు మాస్టారిని. గుణుపురం, పర్లాకిమిడి వైపు పోటీలకు జట్టును తీసుకువెళ్ళినప్పుడు, డిఫెండర్ కాలికి తగిలిన బంతి సొంత గోల్‌లోకి పోవడం, గట్టు మీది జనం అటు ఒడియాలోనూ ఇటు తెలుగులోనూ ఆ పిల్లవాడిని తిట్టిపోయడం చూస్తూనే ఉంటాను. అందుకే ముందు ఆ గోల్ సంగతే చెబుతాను. 1994 జూన్ 22న కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్ మైదానంలో, ఆట 35వ నిమిషంలో, అమెరికా ఆటగాడు జాన్ హార్క్స్ గోల్ ముందుకు క్రాస్ కొట్టాడు. దానిని అడ్డుకోవడానికి కొలంబియా డిఫెండర్ ఎస్కోబార్ జారుతూ కాలు చాచగా, బంతి దారి మళ్ళి సొంత వలలో పడింది. ఆ స్థానంలో ఉన్న డిఫెండర్ చేయవలసిన పనే అతడు చేశాడు. కదలకుండా నిలబడిపోయిన డిఫెండర్ పేరు ఏ స్కోరు పట్టికలోకీ ఎక్కదు కదా! కొలంబియా 2-1తో ఓడింది. అంతకుముందే రుమేనియా చేతిలో 3-1తో ఓడి ఉన్నందున, తర్వాత స్విట్జర్లాండ్‌పై గెలిచినా ఇంటిదారి పట్టింది.

ఎస్కోబార్ 1967లో కొలంబియాలోని మెడెయిన్ నగరంలో పుట్టాడు. 1988లో వెంబ్లీలో ఇంగ్లండ్‌పై తలతో గోల్ కొట్టి ఆటను 1-1గా నిలిపాడు. మరుసటి ఏడాది అట్లెటికో నాసియోనాల్ క్లబ్‌తో దక్షిణ అమెరికాలోని అతిపెద్ద క్లబ్ పోటీ, కోపా లిబెర్టడోరెస్, గెలిచాడు. అతడి నెమ్మదితనాన్ని చూసి అభిమానులు 'ఫుట్‌బాల్ పెద్దమనిషి' అని పిలిచేవారు. మాదకద్రవ్యాల నాయకుడు పాబ్లో ఎస్కోబార్‌కు ఇతడు బంధువు కాడు.

స్వదేశానికి వచ్చాక, జీవితం ఇక్కడితో ఆగిపోదన్న అర్థంలో పత్రికలో వ్యాసం కూడా రాశాడు. జూలై 2 తెల్లవారుజామున మెడెయిన్‌లోని ఒక నైట్‌క్లబ్ దగ్గర కొందరు ఆ గోల్‌ను ఎత్తి అతడిని ఎగతాళి చేశారు. వాహనాలు నిలిపే చోట మాటామాటా పెరిగింది. వారి డ్రైవరు ఉంబెర్టో మున్యోస్ అతడిపై ఆరు గుళ్ళు కాల్చాడు. అప్పటికి ఎస్కోబార్‌కు 27 ఏళ్ళు.

పందెంలో డబ్బు పోగొట్టుకున్న ముఠాలే చంపించాయన్న మాట లోకమంతా పాకింది గాని, న్యాయస్థానంలో అది రుజువు కాలేదు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. అమెరికాతో ఆటకు ముందే, అంటే ఆ గోల్ పడకముందే, కొలంబియా జట్టులోని మరో ఆటగాడు గాబ్రియేల్ గోమెజ్‌ను ఆడిస్తే చంపుతామని బెదిరింపు వచ్చి, అతడిని జట్టు నుంచి తప్పించవలసి వచ్చింది. మా గట్టు మీది తిట్లు ఆట ముగిసేసరికి ఆరిపోతాయి, ఎందుకంటే తిట్టేవాడి వెనుక తుపాకీ గాని, దానిని కాచే ముఠా గాని లేదు. మెడెయిన్ ఆ రోజుల్లో ప్రపంచంలోనే అత్యధికంగా హత్యలు జరిగే నగరాలలో ఒకటి. మున్యోస్ యజమానులైన గయోన్ సోదరులకు మాదకద్రవ్యాల వ్యాపారంతో సంబంధాలు ఉండేవి. వారికి హత్యానేరం కింద శిక్ష పడలేదు. 43 ఏళ్ళ శిక్ష పడిన మున్యోస్ కూడా, అది తగ్గించబడి, 2005లోనే విడుదలయ్యాడు.