పక్కింటి పిన్నిగారి మామిడి కొమ్మలు

ప్రశ్న: మాది విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ. పక్కింట్లో పిన్నిగారు ఒక్కరే ఉంటారు. మా పాపను సగం పెంచింది ఆవిడే. వాళ్ళ మామిడి చెట్టు బాగా ఎదిగి రెండు పెద్ద కొమ్మలు మా డాబా మీదకు వచ్చేశాయి. ఆకులు రాలి వాన నీళ్ళు పోయే తూము పూడిపోతోంది. సోలార్ ప్యానెళ్ళ మీద మధ్యాహ్నం నుంచీ నీడే. గాలి వీస్తే ఒక కొమ్మ వాటర్ ట్యాంకుకు కొట్టుకుంటుంది, ఆ చప్పుడుకి నిద్ర పట్టడం లేదు. ఆ చెట్టు హుద్‌హుద్ తుపాను తరవాత బాబాయిగారు నాటింది. ఆయన ఇప్పుడు లేరు. అడుగుదామంటే నోరు రావడం లేదు. ఈమధ్య ఆవిడ గోడ మీంచి పిలిచినా వినపడనట్టు ఊరుకుంటున్నాను. ఆవిడ హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్ళినప్పుడు మన వైపు కొమ్మలు కొట్టించేద్దాం అంటున్నారు మావారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఆవిడ పిలిచినా వినపడనట్టు ఊరుకుంటున్నాను అన్న దగ్గర నా మనసు చివుక్కుమంది. ఒంటరిగా ఉండే పెద్దావిడ ఏమనుకుంటారో ఆలోచించండి. నా వల్ల ఏం తప్పు జరిగింది, ఈ అమ్మాయి ఎందుకు ముభావంగా ఉంటోంది అని లోలోపల మథనపడుతూ ఉంటారు. చెబితే నొచ్చుకుంటారని మీరు మాట దాచుకున్నారు. దాచుకున్నందుకు ఆవిడ ఇప్పటికే నొచ్చుకుంటున్నారు, కారణం కూడా తెలియకుండా. అందుకని చెప్పాలా వద్దా అని ఇంక తటపటాయించకండి. ఈ వారంలోనే చెప్పండి.

మీవారి ఉపాయం మాత్రం వద్దు. మీ ప్రహరీ దాటి వచ్చిన కొమ్మను కొట్టే హక్కు మీకు ఉంటే ఉండొచ్చు. కానీ ఊరి నుంచి వచ్చి గేటు తీసేసరికి భర్త నాటిన చెట్టు ఒక పక్క బోసిగా కనపడితే ఆవిడ ప్రాణం ఎంత విలవిల్లాడుతుంది? ఆ తరవాత మీరు ఎన్నిసార్లు సారీ చెప్పినా మునుపటి చనువు రాదు. కొడుక్కి ఫోను చెయ్యడం, జీవీఎంసీలో (నగరపాలక సంస్థలో) ఫిర్యాదు పెట్టడం కూడా వద్దు. నాతో ఒక్క మాట అనకుండా మా అబ్బాయికి చెప్పారా అన్న అవమానం కొమ్మ పోయిన బాధ కన్నా ఎక్కువ. పనమ్మాయి చేత మాట వేయించడమైతే ఇంకా అన్యాయం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక మన ఊరు ఎలా ఉందో అప్పుడు ఇక్కడ ఉన్నవాళ్ళెవరూ మరిచిపోలేరు. ఎండకు నిలబడదామంటే చెట్టు నీడ కరువైంది. ఆ దిగులులో నాటిన మొక్క అది, పైగా నాటిన మనిషి ఇప్పుడు లేరు. చెట్టు అడ్డంగా ఉంది అన్న మాట పొరపాటున కూడా మీ నోట రానివ్వకండి. మీరు అడగాల్సింది రెండు కొమ్మల సంగతి, అంతవరకే. (ఎవరైనా చెట్టే కొట్టించెయ్యమని సలహా ఇస్తే వినకండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం దానికి అనుమతి అవసరం కావచ్చు కూడా.)

ఆ తుపానే మీ మాటకు ఆసరా కూడా అవుతుంది. గుబురుగా పెరిగిన చెట్టు మీద గాలి దెబ్బ ఎక్కువ. మనకు పెద్ద తుపాన్ల భయం అక్టోబరు నుంచి. ఆ లోపు కొమ్మలు పలచన చేస్తే చెట్టుకే మంచిది. కాపు అయిపోయాక మామిడి కొమ్మలు కత్తిరించడం తోటల రైతులు మామూలుగా చేసే పనే. ఈ వానల్లోనే కొట్టిస్తే కొత్త చిగుళ్ళు వచ్చి చలికాలం పూత నాటికి ముదురుతాయి. ఇది ఆవిడను ఒప్పించడానికి అల్లిన కథ కాదు, ధైర్యంగా చెప్పండి.

పొద్దున్న పూజ, టిఫిను అయ్యాక ఒక్కరే వెళ్ళండి. మీవారు వెంట ఉంటే పంచాయితీకి వచ్చినట్టుంటుంది. స్వీటు డబ్బా కూడా వద్దు. కూర్చున్నాక ఇలా అనొచ్చు: "పిన్నిగారూ, కొన్నాళ్ళుగా మీతో సరిగ్గా మాట్లాడలేదు. ఒక మాట ఎలా చెప్పాలో తెలీక అలా తప్పించుకున్నాను, ఏమీ అనుకోకండి. మామిడి కొమ్మ మా ట్యాంకుకి తగులుతోంది. రాత్రిపూట గాలి వస్తే నాకు భయంగా ఉంటోంది. తుపాన్ల కాలం రాకముందే మా వైపు రెండు కొమ్మలు కొట్టిద్దామా? మనిషిని నేను పిలిపిస్తాను."

అని ఆగండి. ఆగడమే కష్టం. ఆవిడ వెంటనే బదులివ్వకపోతే మనకు టెన్షన్ వచ్చి, పర్లేదులెండి, మీకు ఇష్టం లేకపోతే వద్దులెండి అనేస్తాం. దాంతో కథ మళ్ళీ మొదటికి వస్తుంది. బాబాయిగారి సంగతులు చెప్పుకొస్తే వినండి, ఎంతసేపైనా సరే, మధ్యలో కొమ్మల దగ్గరికి లాగకండి. ఆ తరవాత ఫోనులో ఫోటోలు చూపించండి: ట్యాంకుకి ఒరుసుకుని కొమ్మ బెరడు లేచిపోయిన చోటు, తూములో ముద్దకట్టిన ఆకులు. మెట్లెక్కగలిగితే డాబా మీదకే తీసుకురండి. సోలార్ సంగతి ఆవిడ అడిగితే దాచకండి కానీ దానితో మొదలుపెట్టకండి. కరెంటు బిల్లు కోసం మావారు నాటిన చెట్టు కొట్టమంటున్నారా అని ఆవిడకు అనిపిస్తుంది.

కాదంటే ఒక వారం మామూలుగా పలకరిస్తూ ఉండండి. పాపను ఎప్పటిలాగే పంపండి. తరవాత ట్యాంకుకి తగిలే ఒక్క కొమ్మ కోసం మళ్ళీ అడగండి, ప్రమాదం దానితోనే. రెండో కొమ్మ ఉండిపోయినా తూముకి జాలీ వేయించి ఆకులు ఊడ్చుకుంటే సరిపోతుంది. అలాంటి మనిషి పక్కనుంటే ఆ పాటి ఓర్చుకోవచ్చు.

ఒప్పుకుంటే, ఆవిడ ఇంట్లో ఉన్న రోజే పని పెట్టుకోండి. కూలి మీరే ఇవ్వండి. ఎక్కడికి కొయ్యాలో ఆవిడే చూపించాలి. కత్తితో నరికించకండి, రంపంతో కోయించండి. బరువైన కొమ్మకు ముందు కింది నుంచి కొంత కోసి, తరవాత పై నుంచి కొయ్యాలి. లేకపోతే కొమ్మ ఒరిగేటప్పుడు మాను బెరడు కూడా ఒలుచుకుపోతుంది. ఒక్క మీ వైపే కొట్టేస్తే చెట్టు అవతలి వైపు బరువెక్కుతుంది, అవతల కూడా కాస్త పలచన చెయ్యమనండి. వీధి వైపు కొమ్మలు కరెంటు తీగల దగ్గర ఉంటే మాత్రం మనిషిని ఎక్కించకండి. కరెంటు వాళ్ళ నంబరు 1912కి ఫోను చేసి, లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపాకే ఆ కొమ్మ ముట్టుకోనివ్వండి.