టెక్ సందేహాలు: జావా కంపైలర్ ఎందుకింత పట్టుబడుతుంది?

ప్రశ్న: అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్నానండీ. ఫైల్ చదివే ప్రోగ్రామ్ ఏది రాసినా ట్రై-క్యాచ్ పెట్టేదాకా కంపైల్ కావడం లేదు. ఆండ్రాయిడ్ నేర్చుకుంటున్న మా రూమ్మేట్ అదే పని కోట్లిన్ భాషలో ఒక్క లైన్లో కానిచ్చేస్తున్నాడు. అక్కడ అక్కర్లేనిది ఇక్కడెందుకు? చెక్డ్ ఎక్సెప్షన్లు భాషలో ఉండాలా వద్దా అని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పమంటారు?

జవాబు: ముందు మాటలు తేల్చుకుందాం. ప్రోగ్రామ్ నడుస్తుండగా పని జరగకపోతే అది విసిరే కబురే ఎక్సెప్షన్. దాన్ని పట్టుకునే కోడ్ ట్రై-క్యాచ్. పట్టుకో, లేదా ముందే ప్రకటించు అని కంపైలర్ పట్టుబట్టేవి చెక్డ్, అలా అడగనివి అన్‌చెక్డ్. ఇక మీ రూమ్మేట్ సంగతి చూద్దాం. అతను రాసిన ఆ ఒక్క లైన్ కూడా లోపల పిలిచేది జావా లైబ్రరీనే. ఫైల్ లేకపోతే అక్కడా ఐఓఎక్సెప్షన్ వస్తుంది, పట్టించుకోకపోతే యాప్ అక్కడా ఆగిపోతుంది. తేడా ఒక్కటే. వస్తుందని మీకు ముందే చెప్పారు, అతనికి చెప్పలేదు. చెక్డ్, అన్‌చెక్డ్ అనే తేడా చూసేది జావా కంపైలర్ మాత్రమే. ప్రోగ్రామ్‌ని నడిపే జేవీఎంకి ఆ పట్టింపు లేదు. అందుకే కోట్లిన్ అదే జేవీఎం మీద నడుస్తూ కూడా ఈ నిబంధనని పక్కన పెట్టగలిగింది.

జావా ఎందుకు పెట్టిందంటే, ప్రోగ్రామ్‌లో తప్పు రెండు రకాలుగా వస్తుంది. పది గళ్లున్న అర్రేలో పదకొండోది అడిగితే అది మీ తప్పు, కోడ్ సరిచేసుకోవాలి. కానీ ఫైల్‌ని ఎవరో తీసేశారు, నెట్ పోయింది, డేటాబేస్ పలకడం లేదు. ఇక్కడ మీ కోడ్‌లో తప్పేమీ లేదు, అయినా పని జరగదు. ఈ రెండో రకాన్ని చూసీ చూడనట్టు వదిలేయకూడదని 1996లో వచ్చిన మొదటి జావా నుంచే నియమం ఉంది. అయితే క్యాచ్ చేసి ఏదో ఒకటి చెయ్యి, లేదా త్రోస్ అని మెథడ్ తలమీద రాసి నిన్ను పిలిచేవాళ్లకు చెప్పు. నిన్ను నమ్మి పిలిచేవాడికి "ఇది కాకపోవచ్చు" అని ముందే చెప్పడం కనీస ధర్మం. ఆ ఉద్దేశంలో నాకు ఏ లోపమూ కనిపించదు.

మరి తర్వాత వచ్చిన భాషలు దీన్ని ఎందుకు తీసుకోలేదు? సీషార్ప్ భాషని రూపొందించిన ఆండర్స్ హెల్స్‌బర్గ్ 2003లో ఒక ఇంటర్వ్యూలో వివరంగా చెప్పాడు. ఆయన చెప్పిన కారణాల్లో ముఖ్యమైనవి రెండు. మీ మెథడ్ మూడు రకాల ఎక్సెప్షన్లు విసురుతుందని ప్రకటించారు, వందమంది దాన్ని వాడుతున్నారు. కొత్త వెర్షన్‌లో నాలుగోది చేర్చారంటే ఆ వందమంది కోడూ విరిగిపోతుంది. రెండోది, ప్రోగ్రామ్ పెద్దదయ్యేకొద్దీ కింది లేయర్ల ఎక్సెప్షన్లన్నీ పైకి పోగుపడతాయి. పైన రాసేవాడు విసిగిపోయి "త్రోస్ ఎక్సెప్షన్" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటాడు. అప్పుడు ఆ ప్రకటన ఉన్నా లేనట్టే.

2014లో జావా 8 లాంబ్డాలు (వేరే మెథడ్‌కి అందించే పేరులేని చిన్న ఫంక్షన్లు) తెచ్చాక ఇబ్బంది ఇంకా పెరిగింది. మీ దగ్గర పది ఫైళ్ల లిస్ట్ ఉంది. వాటిని ఒక్కొక్కటిగా అందించే స్ట్రీమ్ తెరిచి, ప్రతిదాని మీదా ఒకే పని చేయించే మ్యాప్‌లో ఒక్కో ఫైల్‌నీ రీడ్‌స్ట్రింగ్‌తో చదువుదామనుకుంటారు. కంపైల్ కాదు. మ్యాప్ తీసుకునే ఫంక్షన్ ఇంటర్‌ఫేస్‌లో త్రోస్ అనే మాట లేదు కాబట్టి లాంబ్డాలోంచి చెక్డ్ ఎక్సెప్షన్‌ని బయటికి రానివ్వరు. లోపలే ట్రై-క్యాచ్ రాసి, వచ్చినదాన్ని అన్‌చెక్డ్‌లో చుట్టి మళ్లీ విసరాలి. ఇలా చుట్టడానికే అన్‌చెక్డ్ఐఓఎక్సెప్షన్ అనే క్లాస్‌ని జావా 8లో జావావాళ్లే చేర్చారు. జావా యాప్‌లకు వాడే స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ అయితే అంతకు చాలా ముందు నుంచే, డేటాబేస్ తప్పులు చెప్పే ఎస్‌క్యూఎల్ఎక్సెప్షన్‌ని అన్‌చెక్డ్‌గా మార్చి చేతికిస్తోంది.

ఇదంతా చదివి "అయితే తీసేయడమే మంచిది" అనుకోకండి. నాకు జరిగిన ఒక సంగతి చెబుతాను. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన చోట రోజూ రాత్రి ఒక జాబ్ నడిచేది. ఒక ఫోల్డర్‌లోంచి చెల్లింపుల ఫైల్ చదివి, పొద్దుటికి రిపోర్ట్ తయారు చేయాలి. ఒక రోజు ఆ ఫోల్డర్ పర్మిషన్లు ఎవరో మార్చారు. జాబ్ మామూలుగానే నడిచింది. రిపోర్ట్ కూడా వచ్చింది, మొత్తం: సున్నా. వరసగా సెలవులు కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు. నాలుగో రోజు అకౌంట్స్ నుంచి ఫోన్ వచ్చాక కోడ్ తెరిచాం. ఫైల్ తెరిచే లైన్ కింద ఒక క్యాచ్, దాంట్లో రెండే లైన్లు. ఒకటి "టూడూ, ఆటో జెనరేటెడ్ క్యాచ్ బ్లాక్" అనే కామెంట్, రెండోది ప్రింట్ స్టాక్ ట్రేస్. ఎడిటర్‌లో ఎర్ర గీత కనిపిస్తే క్విక్ ఫిక్స్ నొక్కగానే వచ్చే రెండు లైన్లు అవే. ఆ ప్రింట్ అయ్యేది ఎవరూ చూడని కన్సోల్‌లో. నాలుగు రోజుల లెక్క చేత్తో సరిచేస్తూ కూర్చున్న ఆ రాత్రి టెన్షన్ నాకిప్పటికీ గుర్తుంది. కంపైలర్ చెప్పాల్సింది చెప్పింది. మేం మింగేశాం.

ఇది మా ఒక్కరి కథ కాదు. టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో కసాండ్రా, హెచ్‌బేస్, హెచ్‌డీఎఫ్‌ఎస్, మ్యాప్‌రెడ్యూస్, రెడిస్ అనే ఐదు డేటా సిస్టమ్‌లలో యూజర్లు రిపోర్ట్ చేసిన 198 వైఫల్యాలను తవ్వి చూశారు. వాటిలో మొత్తం సిస్టమ్‌నే కూల్చేసిన వాటిలో 92 శాతానికి కారణం, సాఫ్ట్‌వేర్ స్పష్టంగా చెప్పిన ఎర్రర్‌ని సరిగ్గా సంభాళించకపోవడమే. అలా కూలిన వాటిలో 35 శాతం మరీ సాదాసీదా తప్పులు. క్యాచ్ ఖాళీగా ఉండటం, లాగ్‌లో ఒక ముక్క రాసి ఊరుకోవడం, "టూడూ" అని రాసి మర్చిపోవడం లాంటివి. ఆ ఐదింటిలో రెడిస్ తప్ప మిగతావన్నీ జావాలో రాసినవే.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పని విఫలం కావచ్చనే సంగతి పిలిచేవాడికి తెలియాలి, దాన్ని భాషే తప్పనిసరి చేయాలి. కానీ నిజాయితీగా రాయడం దొంగదారి కంటే తేలిగ్గా ఉండాలి. జావాలో ఇది తలకిందులైంది. ఎర్రర్‌ని పైకి పంపాలంటే ఆరు మెథడ్ల మీద త్రోస్ చేర్చుకుంటూ పోవాలి, మింగేయడానికి రెండు కీలు నొక్కితే చాలు. రస్ట్ భాషలో చూడండి. విఫలం కాగల ఫంక్షన్, ఫలితం గానీ ఎర్రర్ గానీ ఉండే రిజల్ట్ అనే టైప్ ఇస్తుంది. పైకి పంపాలంటే చివర ఒక ప్రశ్నార్థకం పెడతారు, అంతే. 2016 నుంచీ ఆ సౌకర్యం ఉంది. పట్టించుకోకుండా వదిలేస్తే కంపైలర్ వార్నింగ్ ఇస్తుంది. స్విఫ్ట్ భాష పద్ధతి నాకు ఇంకా నచ్చుతుంది. ఈ ఫంక్షన్ విఫలం కావచ్చు అని చెప్పి తీరాలి, పిలిచే చోట ట్రై అని రాసి తీరాలి, కానీ ఏ రకం ఎర్రరో ముందే జాబితా ఇవ్వమని అడగదు. హెల్స్‌బర్గ్ చెప్పిన వెర్షన్ల గొడవ చాలావరకు అక్కడే తీరిపోతుంది. 2024లో వచ్చిన స్విఫ్ట్ 6 నుంచి కావాలంటే రకం కూడా చెప్పొచ్చు.

ఇంటర్వ్యూలో ఇంతవరకూ చెబితే చాలు. ఉద్యోగంలో చేరాక మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి. ఒక ఖాతాలో 500 రూపాయలు తగ్గించి, ఇంకో ఖాతాలో వేసేలోపు చెక్డ్ ఎక్సెప్షన్ వచ్చి బయటికి పోయిందనుకోండి. మెథడ్ మీద ట్రాన్సాక్షనల్ (జరిగితే అంతా జరగాలి, లేదంటే ఏదీ జరగకూడదు) అని ఉంది కదా, అంతా వెనక్కి పోతుందని నమ్ముతాం. పోదు. స్ప్రింగ్ మామూలుగా రన్‌టైమ్ఎక్సెప్షన్, ఎర్రర్ రకాలు వస్తేనే రోల్‌బ్యాక్ చేస్తుంది, చెక్డ్ వస్తే కమిట్ చేసేస్తుంది, అంటే అప్పటిదాకా జరిగిందాన్ని ఖాయం చేసేస్తుంది. డబ్బు ఇటు తగ్గింది, అటు చేరలేదు. రోల్‌బ్యాక్‌ఫర్ అనే సెట్టింగ్‌లో ఆ ఎక్సెప్షన్ పేరు మీరే రాయాలి. అలాగే ఒక ఎక్సెప్షన్‌ని ఇంకోదాంట్లో చుట్టేటప్పుడు అసలుదాన్ని కాజ్‌గా (మూలకారణంగా) లోపల పెట్టండి. మర్చిపోతే అసలు తప్పు ఏ లైన్లో జరిగిందో లాగ్‌లో దొరకదు. దానికోసం అర్ధరాత్రిళ్లు వెతికినవాళ్లను అడగండి, చెబుతారు.

ప్రశ్న: మా ప్రాజెక్ట్‌లో త్రోస్ రాయకుండా లాంబాక్ అనే లైబ్రరీలోని స్నీకీత్రోస్ వాడుతున్నారు. పర్వాలేదా? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: అది కంపైలర్ కన్నుగప్పే పద్ధతి. ఎక్సెప్షన్ మాత్రం యథాతథంగా వస్తుంది. మీ మెథడ్‌ని పిలిచే సహోద్యోగి జాగ్రత్తపడి ఐఓఎక్సెప్షన్‌ని క్యాచ్ చేద్దామనుకుంటే, "ఈ ట్రైలో అది రానే రాదు" అని కంపైలర్ ఆ క్యాచ్‌నే ఒప్పుకోదు. ఎందుకో అర్థంకాక ఆయన జుట్టు పీక్కుంటాడు. టెస్ట్ కోడ్‌లో వాడుకోండి. పక్కవాళ్లు పిలిచే మెథడ్లలో మాత్రం వద్దు, అక్కడ అన్‌చెక్డ్‌లో చుట్టి, ఏమేం రావచ్చో డాక్యుమెంటేషన్‌లో రాయండి.