నలభై ఒకటి దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

మెక్సికోలో మగతనం మీద, స్వలింగ ప్రేమికుల పట్ల ద్వేషం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి పేరా తీసెయ్. "అది వాళ్ల రక్తంలోనే ఉంది" అన్నాక ఇక రాయడానికేముంది? రక్తానికి తేదీ ఉండదు, కారణమూ ఉండదు. నువ్వు వెతకాల్సినవి ఆ రెండే.

1901 నవంబరు 17 రాత్రి దగ్గర మొదలుపెట్టు. మెక్సికో సిటీ, లా పాస్ వీధి. ఒక ఇంట్లో నాట్యం చేస్తున్న 41 మంది మగవాళ్లను పోలీసులు పట్టుకున్నారు. దాదాపు సగం మంది ఆడవేషంలో ఉన్నారు. ఇక్కడ చట్టం సంగతి తప్పకుండా చెప్పు: 1871 శిక్షాస్మృతిలో మగవాళ్ల మధ్య సంబంధం అసలు నేరమే కాదు. అందుకే నీతికి భంగం కలిగించారన్న ఆరోపణ మోపి, బహిరంగ విచారణ లేకుండానే కొందరిని దేశానికి ఆగ్నేయాన ఉన్న యుకతాన్‌కు తరలించారు. అక్కడి మూలవాసులైన మాయా జనంతో పోరాడుతున్న సైన్యానికి అక్కడ చాకిరీ చేయించారు. లెక్కలోకి రాకుండా తప్పించుకున్న 42వ వాడు ఒకడున్నాడని, అతను దేశాధ్యక్షుడు పోర్ఫిరియో దియాస్ అల్లుడేనని ఊరంతా చెప్పుకుంది. దాన్ని వదంతిగానే రాయి, ఒక్క వాక్యం చాలు.

చట్టం చేయలేని పని అచ్చుయంత్రం చేసింది. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే, ఇక్కడ తొందరపడకు. గౌన్లు తొడుక్కున్న మీసాల మగవాళ్లను అచ్చుబొమ్మల కళాకారుడు పొసాద బొమ్మలుగా చెక్కాడు, కాసులకు అమ్మే ఒంటికాగితాల మీద అవి జనంలోకి వెళ్లాయి. ఆ నవ్వే 41 అనే సంఖ్యను స్వలింగ ప్రేమికుల మీద తిట్టుగా మార్చింది. సైనిక దళాలకు, ఆసుపత్రి గదులకు 41 వేయడం మానేశారని జనరల్ ఉర్కీసో రాశాడు.

1658లో మెక్సికోలోనే మగవాళ్ల మధ్య సంబంధానికి 14 మందికి మరణశిక్ష వేసి దహనం చేసిన ఘటనను దీనికి నేరుగా ముడిపెట్టకు. అప్పుడు శిక్షించింది పాపమని, 1901లో వెక్కిరించింది మగతనం తప్పారని. మధ్యలో చట్టమే మారిపోయింది.

1910లో మొదలైన మెక్సికో విప్లవం తర్వాతి భాగం నీ వ్యాసంలో అసలు లేదు. 1924-25లో "మగటిమి గల సాహిత్యం" కావాలని పత్రికల్లో పెద్ద వాదం నడిచింది. 1934లో కొందరు మేధావులు స్వలింగ ప్రేమికులను ప్రభుత్వోద్యోగాల నుంచి తొలగించమని పార్లమెంటు సంఘాన్ని కోరారు. కలం పట్టినవాళ్లు చేసిన పని ఇది, దాచిపెట్టకు.

హుచితాన్ పట్టణంలోని మూషేలను, అంటే మగవాళ్లుగా పుట్టి ఆడవాళ్ల తీరున బతికేవాళ్లను, చూపించి అక్కడంతా స్వర్గమని రాయకు. ఆదరణ ఉన్నచోట వేధింపూ ఉంది.

చివరి భాగంలో 1978 జులై 26 ఊరేగింపుకు చోటివ్వు. స్వలింగ ప్రేమికులు తమ పేరుతో తామే వీధిలో నడిచారు. సవరించాక మళ్లీ పంపు.