ఇంటిపేరు కలిస్తే చుట్టాలేనా?

సందేహం: మా ఇంటిపేరు కందుకూరి. మూడు తరాలుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. కుటుంబ చరిత్ర రాద్దామని ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో పాత కాగితాలు తిరగేస్తే మా ఇంటిపేరుతో నలుగురు తేలారు. ఒక బడిపంతులు, ఒక గుడి ధర్మకర్త, ఆస్తి తగాదాలో ఒక వితంతువు, హార్బరులో ఒక గుమాస్తా. వీళ్ళను ‘మా వంశీకులు’ అనవచ్చా, ‘సగోత్రీకులు’ అనాలా? ఒకే ఇంటిపేరు గలవారిని చెప్పడానికి తెలుగులో ఒక్క మాట ఉందా? ధర్మకర్త కాగితంలో ‘కందుకూరు’ అని ఉంది. అది రాతగాడి తప్పేనా?
– ఒక పాఠకుడు, చెన్నై

సమాధానం: మీ చివరి ప్రశ్నే ముందు తీసుకుంటాను. మిగతావాటి తాళంచెవి దాని దగ్గరే ఉంది.

కందుకూరు ఒంగోలుకు దక్షిణాన ఉన్న ఊరు. ‘ఊరు’ అనే మాట పక్కన విభక్తి చేరినా, ఇంకో పేరు చేరినా చివరి ఉకారం పోయి ఇకారం వస్తుంది. ఊరికి, ఊరిలో, ఊరి చెరువు, ఊరి జనం. అలాగే కందుకూరి చెరువు, కందుకూరి జనం, కందుకూరి ఫలానా ఆయన. ఇలా వచ్చే ఇ, టి, తి అనే వర్ణాలను మన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు చెప్పిన చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలన్నాడు. పేరు బరువుగా ఉన్నా పని తేలికే. ‘ఏ ఊరి?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం. కొండవీడు కొండవీటి అవుతుంది, పాడు పాటి అవుతుంది, చిలకమర్రు చిలకమర్తి, ఆదుర్రు ఆదుర్తి అవుతాయి. అసలు ‘ఇంటిపేరు’ అన్న మాటలోనే ఇల్లు ఇంటి అయింది చూడండి.

కాబట్టి ‘కందుకూరి’ అంటే ‘కందుకూరుకు చెందిన’ అని. రక్తం ఊసు అందులో లేదు. ఆ ఊరు విడిచి వేరే చోట కాపురం పెట్టిన వాణ్ణి కొత్త ఊరివాళ్ళు ‘కందుకూరి వాళ్ళబ్బాయి’ అన్నారు, అది నిలిచిపోయింది. కందుకూరులోనే ఉన్నంతకాలం ఎవరికీ ఆ ఇంటిపేరుతో పని లేదు, అక్కడ అందరూ కందుకూరి వాళ్ళే కదా. ఒకే ఊరి నుంచి వేరువేరు కాలాల్లో, వేరువేరు కులాల వాళ్ళు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా బయలుదేరి ఒకే ఇంటిపేరు తెచ్చుకున్నారు.

దీనికి సాక్ష్యం మీ ఇంటిపేరులోనే దొరుకుతుంది. 16వ శతాబ్దిలో కందుకూరి రుద్రకవి ఉన్నాడు. నిరంకుశోపాఖ్యానం, సుగ్రీవ విజయం రాసినవాడు. 1848లో రాజమండ్రిలో పుట్టి 1919లో ఈ మద్రాసులోనే కన్నుమూసిన కందుకూరి వీరేశలింగం గారు సరే సరి. రుద్రకవి స్వర్ణకారుల ఇంట పుట్టినవాడని సాహిత్య చరిత్రలు చెబుతాయి. వీరేశలింగం గారు నియోగి బ్రాహ్మణులు. గ్రంథాలయం జాబితాలో మాత్రం ఇద్దరూ ఒకే అరలో భుజాలు రాసుకుంటూ కూర్చుంటారు. అంతకన్నా ముచ్చటైన సంగతి రుద్రకవి జనార్దనాష్టకంలో ఉంది. పద్యం చివర మకుటం ‘కందుకూరి జనార్దనా’. ఇకారం అదే, అర్థమూ అదే, కందుకూరులో వెలసిన జనార్దనస్వామీ అని. ఇంటిపేరు చూసి చుట్టరికం కలుపుకునేటట్టయితే ఆ స్వామిని కూడా మీ వంశవృక్షంలో ఓ కొమ్మ మీద కూర్చోబెట్టాలి. (తెలుగు రాని జాబితాకర్త ఎవరైనా ఆయన్ని ఇంటిపేరు కింద అచ్చువేసినా నేను ఆశ్చర్యపోను.)

ఇక ధర్మకర్త కాగితంలోని ‘కందుకూరు’. తప్పనలేం. ఇంటిపేరుగా వ్యాకరణం కోరేది కందుకూరి. కానీ ఊరి పేరును మార్చకుండా ముందు పెట్టుకున్నవాళ్ళూ లేకపోలేదు. గుంటూరు శేషేంద్రశర్మ గారిని ‘గుంటూరి’ అని దిద్దే సాహసం ఎవరూ చేయలేదు. అదీగాక ఆ కాగితంలో అది ఇంటిపేరే కాకపోవచ్చు, ‘స్వగ్రామం కందుకూరు’ అనే నమోదు అయివుండవచ్చు. దాని ముందూ వెనకా ఉన్న మాటలు మళ్ళీ చదవండి. తాలూకా పేరు గానీ, ‘వాస్తవ్యుడు’, ‘నివాసి’ లాంటి మాట గానీ ఉందేమో చూడండి. మీ రచనలోకి ఎత్తి రాసేటప్పుడు మాత్రం కాగితంలో ఉన్నట్టే ఉంచండి.

దుగ్గిరాల, ఘంటసాల, బమ్మెర లాంటి పేర్లకు ఈ మార్పు ఉండదు గనుక అవి ఊళ్ళన్న సంగతే మరుగున పడుతుంది. మన కోడంబాకం కథే ఒకటి చెబుతాను. 1948లో వచ్చిన ‘బాలరాజు’ సినిమా తీసింది ఘంటసాల బలరామయ్య. అందులో పాడింది, గాలి పెంచల నరసింహారావు గారితో పాటు సంగీతంలో చేయి వేసింది ఘంటసాల వెంకటేశ్వరరావు. ఇద్దరూ అన్నదమ్ములని వాదించే పెద్దమనిషి మా వీధిలో నిన్నమొన్నటి దాకా ఉండేవాడు. బలరామయ్య గారిది నెల్లూరు సీమ, గాయకుడు పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లి. ఇవాళ ‘ఘంటసాల’ అంటే ఒక్క మనిషే గుర్తొస్తాడు. కృష్ణా జిల్లాలోని ఆ పాత బౌద్ధ క్షేత్రమూ గుర్తు రాదు, ఆ దర్శకుడూ గుర్తు రాడు. ఇంటిపేరు ఒక మనిషికే సొంతపేరైపోవడం తెలుగులో ఉన్న చిత్రం.

అలాగని ప్రతిచోటా చుట్టరికం లేదనుకోకండి. ఒంగోలు నుంచి కందుకూరు వెళ్ళే దారిలో టంగుటూరు ఉంది. మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా (ముఖ్యమంత్రిని అప్పుడు అలాగే అనేవారు) చేసిన టంగుటూరి ప్రకాశం గారు, నటి, గాయని టంగుటూరి సూర్యకుమారి గారు సొంతవాళ్ళే, ఆమె ఆయన సోదరుడి కూతురు. అయితే ఆ సంగతి మనకు ఇంటిపేరు చెప్పలేదు, వేరే దారిన తెలిసింది.

మాటల సంగతికి వస్తాను. వంశం అంటే తండ్రి, తాత, ముత్తాత అని వరుస చెప్పగలిగేది. ఆ వరుస చూపగలిగితేనే ‘మా వంశీకులు’ అనండి. గోత్రం వేరు. అది ఊళ్ళకూ ఇంటిపేర్లకూ అడ్డంగా పోయే గీత. ‘సగోత్రీకులు’ అననక్కర్లేదు, ‘సగోత్రులు’ చాలు, అదీ గోత్రం తెలిసినప్పుడు మాత్రమే. జ్ఞాతులు, దాయాదులు, పాలివాళ్ళు అంటే ఇంకా దగ్గర. పురుడూ మైలా పట్టేవాళ్ళు, పొలం గట్టు దగ్గర కొట్టుకునేవాళ్ళు. మా అమ్మమ్మ పరీక్ష ఇదే. షావుకారుపేటలో మా పిన్నికి సంబంధం చూస్తే అబ్బాయిదీ అమ్మమ్మ వాళ్ళ ఇంటిపేరే. ఇంట్లో అందరూ గతుక్కుమన్నారు. అమ్మమ్మ తమలపాకు ఈనె తీస్తూ, తల ఎత్తకుండా అడిగింది: “వాళ్ళింట్లో పోతే మనకు మైలుందిటే?” లేదన్నారు. “గోత్రం?” వేరన్నారు. “మరింకేం, జాతకాలు ఇచ్చిపుచ్చుకోండి” అంది. పెళ్ళయింది, పిన్ని సంతకం కూడా మార్చుకోలేదు.

ఒకే ఇంటిపేరు గలవాళ్ళని చెప్పే ఏకపదం వాడుకలో లేదు. ‘ఇంటిపేరు కలిసినవాళ్ళు’ అంటాం, మీ రచనకు అదే సరిపోతుంది. సంస్కృతంలోంచి ఏదైనా కొత్తగా అతికించవచ్చు గానీ, పెరంబూరులో ఎవరికీ అర్థం కాని మాట కుటుంబ చరిత్రలో ఎందుకు?

మీ నలుగురిలో వితంతువు దగ్గర ఇంకొంచెం ఆగండి. ఆ కందుకూరి ఆమె పుట్టింటిదా, అత్తింటిదా? దావా భర్త ఆస్తి కోసమైతే అత్తింటిది కావచ్చు. అప్పుడు ఆమె పుట్టింటివాళ్ళు వేరే ఇంటిపేరు కింద ఇంకో దస్తావేజులో ఉంటారు. దత్తత వెళ్ళిన మగవాళ్ళదీ ఇదే తంతు, ఒకే మనిషి రెండు ఇంటిపేర్లతో కనబడతాడు. ఇంగ్లీషు జాబితాల్లో అయితే పంతులు, శాస్త్రి, నాయుడు కూడా ఇంటిపేర్లయి కూర్చుంటాయి. మన ఊళ్ళ చరిత్రలు సేకరించిన మెకంజీ దొర దగ్గర పనిచేసిన కావలి వెంకట బొర్రయ్య ఆ రాతల్లో ‘కావెల్లి బోరియా’ అయ్యాడు. మీ కందుకూరినీ నాలుగైదు రకాల స్పెల్లింగులతో వెతకవలసిందే.

హార్బరు గుమాస్తా పేరు ముందు ఏముందో మీరు రాయలేదు. ‘కె.’ ఒక్కటే ఉండి, దాన్ని మీరు కందుకూరి అని విప్పుకొని ఉంటే జాగ్రత్త. తిరుత్తణిలో పుట్టిన రాధాకృష్ణన్ గారి ‘ఎస్.’ నెల్లూరు జిల్లా సర్వేపల్లి. మన పక్కింటి తమిళుడి ‘ఎస్.’ వాళ్ళ నాన్న సుబ్రమణియన్. చెన్నై తెలుగువాళ్ళు కొందరు ఇటు పెట్టుకుంటారు, కొందరు అటు. జీతాల పట్టీలోనో సర్వీసు రిజిస్టరులోనో ఆయన తండ్రి పేరు దొరికేదాకా ఆ గుమాస్తాను పక్కన ఉంచండి.